బస్సు వెనక ఐదు నిమిషాలు

విట్ ఫ్రైడే నాడు, అంటే ఇంగ్లండు కొండ ఊళ్ళన్నీ ఇత్తడి బ్యాండు పోటీలు పెట్టుకునే పండగ శుక్రవారం, క్రాగ్‌ఫోల్డ్‌లో పెళ్ళి పెట్టుకున్నవాడు పిచ్చివాడైనా అయ్యుండాలి, పరాయి ఊరివాడైనా అయ్యుండాలి. ఊపిరి గట్టిగా ఉన్నవాళ్ళంతా ఆ సాయంత్రం బ్యాండులో ఉంటారు. బ్యాండులో లేనివాళ్ళు బ్యాండు వెనక నడుస్తారు. నడవలేనివాళ్ళు గుమ్మంలో కుర్చీ వేసుకుని, చేతిలో బీరు గ్లాసుతో, ఈ ఏడాది కార్నెట్ బాకాలు పీలగా ఉన్నాయనో డ్రమ్ము తొందరపడుతోందనో తీర్పులు చెబుతారు. ఈ మూడో రకంలో కలిసిపోవడానికి డెస్మండ్‌కి ఇంకా మనసొప్పడం లేదు.

డెస్మండ్ పొద్దున పోస్టుమాన్, సాయంత్రం యూఫోనియం. పసిపిల్లని ఎత్తుకున్నట్టు కడుపుకి ఆనించుకుని వాయించే పెద్ద ఇత్తడి బాకా అది. ఆ బాకాతో మొదటి కుర్చీలో అతను ఎప్పటినుంచి కూర్చున్నాడంటే, కుర్చీ మీది బట్ట రెండుసార్లు మార్చారు గాని మనిషిని మార్చలేదు. ఈ ఏడు మార్చేలా ఉన్నారు.

కారణం ఒకే ఒక్క స్వరం. ఈ ఏటి పోటీకి ఎంచుకున్న మార్చ్ అనే కవాతు పాట మధ్యలో డ్రమ్ములు, కార్నెట్లు, ట్రాంబోన్లు అన్నీ గప్‌చుప్ అయిపోతాయి. యూఫోనియం ఒక్కటే పాడుతుంది. పాడి పాడి చివర ఒక పొడుగాటి స్వరం పట్టుకుంటుంది. బ్యాండు నడిపే మొయిరా చేయి పైకెత్తి ఉంచుతుంది. ఆవిడ చేయి దించేదాకా ఆ స్వరం తెగకూడదు. దించగానే పెద్ద డ్రమ్ముతో సహా బ్యాండంతా పిడుగులా మీద పడాలి. ఆ స్వరం వసంతంలో వాయించిన ప్రతి కచేరీలోనూ డెస్మండ్ దగ్గర తెగిపోయింది.

సోమవారం సాధన అయ్యాక మొయిరా అతన్ని పక్కకి పిలిచింది. “డెస్, నీ దగ్గర దాపరికం దేనికి. శుక్రవారం ఆ స్వరం నిలబడిందా, కుర్చీ నీది. నిలబడలేదా, వచ్చే వారం నుంచి మొదటి కుర్చీలో బెతన్ కూర్చుంటుంది. నువ్వు పక్కన కూర్చుందువుగాని.”

ఆ ‘కూర్చుందువుగాని’ అన్న మాట డెస్మండ్ చెవిలో వారమంతా జోరీగలా తిరిగింది. బెతన్ పశువుల డాక్టరు దగ్గర పనిచేసే పిల్ల, రెండో యూఫోనియం. చక్కగా వాయిస్తుంది. పొగరుబోతు పిల్ల అయినా బాగుండేది, తిట్టుకుంటూ బతికేవాడు. తీరా చూస్తే బంగారం లాంటి పిల్ల.

స్వరం ఎందుకు తెగుతోందో డెస్మండ్‌కి ఒక సిద్ధాంతం ఉంది. తప్పంతా వేప్‌ది, సిగరెట్టుకి బదులు పళ్ళ వాసన ఆవిరి పీల్చే ఆ చిన్న గొట్టానిది. పోయినేడు ఇదే పండగ మర్నాడు, క్లినిక్కులో నర్సు వేషంలో ఉన్న ఇదే మొయిరా, అతని సిగరెట్టు పెట్టె లాక్కుని చేతిలో వేప్ పెట్టి పంపింది. ఊళ్ళో సిగరెట్లు మాన్పించడం ఆవిడ పగటి ఉద్యోగం. మొదట్లో డెస్మండ్ సిగ్గుపడ్డాడు, తర్వాత మరిగాడు. దగ్గు పోయింది. కొండ మీది చివరి ఇంటికి ఉత్తరాలు పట్టుకెళ్ళినా ఆయాసం రావడం లేదు. చిప్స్ మీద చల్లిన వెనిగర్ వాసన చాలా ఏళ్ళ తర్వాత ముక్కుకి తెలిసింది. అంతా బాగుంది, స్వరం ఒక్కటే బాగాలేదు.

సిగరెట్టు రోజుల్లో పోటీకి ముందు అతనూ, పెద్ద డ్రమ్ము వాయించే నెవిలూ బస్సు వెనక్కి వెళ్ళేవారు. ఒక సిగరెట్టు, ఐదు నిమిషాలు. వచ్చి వాయిస్తే ఏ స్వరమూ తెగిన పాపాన పోలేదు. ఇప్పుడు బస్సు వెనక్కి వెళ్ళే పనే లేదు. బస్సెక్కుతూ ఒక దమ్ము, దిగుతూ ఒక దమ్ము, వరసలో నిలబడి కోటు కాలర్లోకి తల దూర్చి ఇంకో దమ్ము. ఆడలేక మద్దెల ఓడన్నాడని అతన్ని వెక్కిరించేవాళ్ళు వెక్కిరించనీ. అతనికి మాత్రం లెక్క తేటతెల్లంగా కనబడింది. సిగరెట్టు ఉన్నప్పుడు స్వరం ఉంది. సిగరెట్టు పోయింది, స్వరం పోయింది.

సాయంత్రం బస్సు కదిలింది. మెరూన్ కోట్లు, బంగారు అంచులు, ఒళ్ళో ఇత్తడి, కిటికీల నిండా ఎండ. ఆ వేళకి కొండల్లో ఎటు చూసినా ఇలాంటి బస్సులే. ఒక ఊరు, ఒక వీధి, ఒక మైదానం. వీధి పొడుగునా వాయిస్తూ నడవాలి. మైదానంలో గుండ్రంగా నిలబడి పోటీ మార్చ్ వాయించాలి. చప్పట్లు ఆగకముందే బస్సెక్కి ఇంకో బ్యాండు కన్నా ముందు పక్క ఊరు చేరాలి. మైదానం పక్కన తెరలు దించేసిన కారవాన్ బండి ఒకటి ఉంటుంది. న్యాయనిర్ణేత అందులో ఉంటాడు. వాయిస్తున్నది ఏ ఊరివాళ్ళో ఆయనకి తెలియకూడదు, అందుకని ఆయన్ని చీకట్లో పెట్టి టీ పోసి కూర్చోబెడతారు. చెవులే తప్ప కళ్ళు లేని ధర్మరాజు ఆయన.

“వచ్చిందయ్యా పళ్ళ బండి” అన్నాడు నెవిల్ వెనక సీట్లోంచి, డెస్మండ్ కాలర్లోంచి లేచిన ఆవిరి చూసి. “ఇవాళ ఏ పండు?”

“పుచ్చకాయ.”

“ముక్క కోసి అందరికీ పంచు మరి.”

నెవిల్ వృత్తికి కసాయి. చేతులు పంది తొడల్లా ఉంటాయి, మాటలు కత్తిలా ఉంటాయి. ఏడాదిగా వేప్ మీద అతను వేసిన జోకులు పోగేస్తే బస్సులో పట్టవు. డెస్మండ్ వాటికి నవ్వడం మానేశాడు. అసలు ఇద్దరూ కూర్చుని నాలుగు మాటలు చెప్పుకుని ఎన్నాళ్ళైందో కూడా గుర్తు లేదు. నెవిల్ మాత్రం సాధన మధ్యలో జేబు తడుముకుంటూ ఒక్కడే బయటికి పోయేవాడు, కాసేపటికి వచ్చేవాడు.

మొదటి ఊళ్ళో స్వరం తెగింది.

బాగానే మొదలైంది, అదీ విశేషం. పాట తేనెలా సాగింది. పొడుగాటి స్వరం దగ్గరికొచ్చేసరికి డెస్మండ్ గుండె ఒకటే దడ. మొయిరా చేయి పైకి లేచింది. ఆ చేతిని చూడగానే అతనికి ‘కూర్చుందువుగాని’ గుర్తొచ్చింది. ఊపిరి గొంతులోనే ముడిపడి, స్వరం నూలుపోగులా ఊగి పుటుక్కుమంది. బ్యాండు మీద పడింది గాని, పిడుగులా పడలేదు, అటక మీది సామాను పడ్డట్టు పడింది.

మొయిరా నోట్లో ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు పెదాలు బిగించి బస్సెక్కింది. తిట్టి ఉంటే బాగుండేది. డెస్మండ్ సీట్లో కూలబడి వేప్ తీశాడు, చూశాడు, మళ్ళీ జేబులో కుక్కాడు. అప్పుడే నిర్ణయించేసుకున్నాడు. నిర్ణయించుకోగానే ఒళ్ళంతా వేడెక్కింది. బడి ఎగ్గొట్టబోయే కుర్రాడి మొహంలాగా అతని మొహం వెలిగింది.

రెండో ఊళ్ళో బస్సు ఆగీ ఆగకముందే డెస్మండ్ నెవిల్ మోచేయి పట్టుకుని బస్సు వెనక్కి లాక్కెళ్ళాడు. అక్కడో రాతి గోడ, గోడవతల గొర్రెలు.

“ఒకటియ్యి” అన్నాడు.

“ఏమొకటి?”

“ఏంటేంటి, సిగరెట్టు.”

నెవిల్ అతని వంక ఎగాదిగా చూశాడు. “పుచ్చకాయ కుళ్ళిపోయిందేంట్రా?”

“ఒరేయ్, నీ ఎకసెక్కాలు తర్వాత. వచ్చే వారం నా కుర్చీ పోతోంది. నాకు కావాల్సింది ఒక్క సిగరెట్టు, పాత రోజుల్లోలాగా. అంతే.”

“ఏడాది మానేసి ఇప్పుడు మళ్ళీ కొరివితో తల గోక్కుంటావా?”

“గోక్కుంటాను. నువ్వూ ఒకటి వెలిగించు.”

“నేనెందుకు?”

“నువ్వు లేకుండా ఎప్పుడైనా కాల్చానా?”

నెవిల్ మొహంలో ఏదో కదిలింది. ఇంకో వేళయితే డెస్మండ్ పట్టేసేవాడే. కానీ అతని కళ్ళు అప్పటికే నెవిల్ జేబు మీద ఉన్నాయి. పెట్టె బయటికొచ్చింది. మూలలు నలిగి, అట్ట మెత్తబడి, కుక్క నమిలి వదిలేసినట్టుంది. నెవిల్ రెండు తీశాడు. లైటర్ ఏ జేబులో ఉందో తనకే తెలియక అన్నీ వెతుక్కున్నాడు. డెస్మండ్ అదీ చూడలేదు. గుండె డబడబా కొట్టుకుంటోంది, నోరూరుతోంది, మైదానంలో ఎవరిదో బ్యాండు హోరెత్తిస్తోంది. ఈ లోకంలో ఇంతకన్నా మంచి క్షణం ఉందా అనుకున్నాడు. కళ్ళు మూసుకుని గుండెల నిండా లాగాడు.

దూరపు కొండలు నునుపన్నవాడు ఎవడో గాని వాడికి దండం పెట్టాలి. లోపలికి వెళ్ళింది పొగ కాదు. వానలో తడిసిన కుక్కని పొయ్యి పక్కన ఆరబెడితే వచ్చే కంపు. గొంతులో ఇసక పోసినట్టయింది. కళ్ళలోంచి నీళ్ళు, ముక్కులోంచి నీళ్ళు, నేల ఒక పక్కకి ఒరిగింది. గోడ పట్టుకుని దగ్గాడు. దగ్గుతూ దగ్గుతూ, తన దగ్గు ఇంత పెద్దగా ఉందేమిటని ఆశ్చర్యపోయాడు. కాస్త ఆగి వింటే, సగం దగ్గు తనది కాదు.

గోడకి ఆ చివర నెవిల్ టోపీ ఊడి కింద పడింది. మొహం అతని అంగట్లో వేలాడే కాలేయం రంగుకి తిరిగింది. ఒంగుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఆ మహానుభావుడు డెస్మండ్ కన్నా ఘోరంగా దగ్గుతున్నాడు.

“నీకేమైందిరా?” అన్నాడు డెస్మండ్, మాట కూడదీసుకుని.

నెవిల్ చేయి ఊపాడు, ఆగమన్నట్టు. మళ్ళీ దగ్గాడు. చివరికి గోడ మీద కూలబడి, తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూస్తూ అన్నాడు, “మానేశాను.”

“ఏది?”

“ఇదే. చలికాలంలోనే మానేశాను. పక్క టౌనుకెళ్ళి, ఎవరూ చూడకుండా సిగరెట్టు మాన్పించే మందు పట్టీలు, ఆ ప్యాచీలు, కొనుక్కుని భుజానికి అంటించుకున్నా. ఈ పెట్టె పోయినేటిది.”

“మరి సాధన మధ్యలో బయటికి పోతావు కదా?”

“పోయి నిలబడతాను.”

“నిలబడి?”

“నిలబడి ఏముంది, కాసేపుండి లోపలికొస్తాను. నిన్ను ఏడాది పొడుగునా పళ్ళ బండి, పళ్ళ బండి అని ఏడిపించి, ఇప్పుడు నేనూ మానేశానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

డెస్మండ్ అతని వంక చూశాడు. అంత లావు మనిషి, భుజానికి దొంగ ప్యాచీ అంటించుకుని, వర్షంలో బ్యాండు హాలు వెనక ఒంటరిగా ఉత్తినే నిలబడి, ఉత్తినే లోపలికి రావడం కళ్ళ ముందు కదిలింది. నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు. పక్కటెముకలు నొప్పెట్టే నవ్వు. అది చూసి నెవిల్ మొదలెట్టాడు. నవ్వూ దగ్గూ కలగలిసి ఇద్దరూ గోడ మీద ఒకళ్ళ మీద ఒకళ్ళు పడిపోతుంటే, గొర్రెలు మేత మానేసి చూశాయి. సిగరెట్లు రెండూ బూటు కింద నలిగి చాలాసేపైంది. తర్వాత ఇద్దరూ ఊరికే కూర్చున్నారు. కడుపులో తిప్పుతోంది, తల గిర్రున తిరుగుతోంది, ఎండ మొహం మీద పడుతోంది. చాలా హాయిగా ఉంది.

బస్సు మూల మీద బెతన్ తల కనబడింది. “బాబాయ్, మన వంతు. మొయిరా పళ్ళు నూరుతోంది, తొందరగా రండి.” దగ్గరికొచ్చి ముక్కు మూసుకుంది. “అబ్బ, ఏం కంపు. కాల్చారా?”

ఇద్దరూ టోపీలు సర్దుకుని ఆమె వెనక నడిచారు.

ఆ ఊళ్ళో వీధి నిట్టనిలువు. కిందికి దిగుతూ వాయిస్తుంటే జనం పక్కల గోడలెక్కి కేకలు. డెస్మండ్‌కి మాత్రం ఒకటే ధ్యాస, పొద్దున తిన్నది బయటికి రాకూడదు. మైదానంలో గుండ్రంగా నిలబడ్డారు. కారవాన్ తెరల వెనక నిశ్శబ్దం. మార్చ్ మొదలైంది, అన్నీ ఆగాయి, అతని పాట వచ్చింది. స్వరం గురించి భయపడాలని కూడా అతనికి తోచలేదు. కడుపు మీదే మనసంతా. మధ్యలో ఓసారి డ్రమ్ము వెనక నెవిల్ మొహం కనబడింది, ఇంకా కాలేయం రంగులోనే. నవ్వాపుకోవడానికి గట్టిగా ఊపిరి పీల్చాడు. పొడుగాటి స్వరం వచ్చింది. మొయిరా చేయి లేచింది. అతను వాయించాడు. ఇంకా వాయించాడు. ఆవిడ చేయి దించింది, బ్యాండు పిడుగులా మీద పడింది, మైదానమంతా ఒక్క అరుపు అరిచింది.

బస్సులో అతని వీపు మీద దరువులేశారు. మొయిరా అతని సీటు దగ్గరికొచ్చి ఆగింది. ముక్కు ఎగబీల్చింది. నర్సు ముక్కు అది.

“ఏం చేశావు డెస్?”

డెస్మండ్ నోరు తెరిచేలోపే ట్రాంబోన్ల వైపు నుంచి జవాబొచ్చింది. “సిగరెట్టు కాల్చాడు. నెవిల్‌తో కలిసి, బస్సు వెనక.”

బస్సు ఒక్కసారిగా గోలెత్తింది. బ్యాండువాళ్ళ మూఢనమ్మకాల ముందు మంత్రగాళ్ళు దిగదుడుపే. కార్నెట్ల వరసలో ఒకాయన ఎప్పుడో గెలిచిన రోజు వేసుకున్న మేజోళ్ళు ఉతకకుండా ఏటా ఇదే రోజు వేసుకొస్తాడు. బాగా వాయించిన రోజు ఏం చేశారో అదే మళ్ళీ చెయ్యాలి, ఇసుమంత తేడా రాకూడదు. అది వాళ్ళ వేదం.

“అయితే మళ్ళీ కాల్చాల్సిందే.”

“ప్రతి ఊళ్ళోనూ కాల్చాలి.”

“అదే చోట, బస్సు వెనకే. నెవిల్ పక్కనుండాలి.”

“పెట్టెలో ఉన్నాయా నెవిల్? లేకపోతే దార్లో కొందాం.”

డెస్మండ్‌కి ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాల్చనంటే అపశకునం అంటారు. కాలిస్తే ఈసారి నిజంగా వాంతి. మొయిరా ఏమైనా అంటుందేమోనని ఆశగా చూశాడు. పగలు నర్సు, సాయంత్రం బ్యాండు నాయకురాలు, ఇద్దరూ ఆవిడ మొహంలో జుట్లు పట్టుకుని కొట్టుకుంటున్నారు. కాసేపటికి నాయకురాలు గెలిచింది.

“నేనేమీ వినలేదు” అని కిటికీ వైపు తిరిగింది.

మూడో ఊళ్ళో పెళ్ళికొడుకుల్ని సాగనంపినట్టు ఇద్దర్నీ బస్సు వెనక్కి సాగనంపి, మర్యాదగా దూరం జరిగారు. నెవిల్ పెట్టె తీశాడు. ఇద్దరూ చెరొకటి వేళ్ళ మధ్య పెట్టుకున్నారు.

“వెలిగిద్దామా?” అన్నాడు నెవిల్.

“నీకేమైనా మతిపోయిందా?”

“హమ్మయ్య.”

వెలిగించని సిగరెట్లతో బస్సుకి వీపులానించి నిలబడ్డారు. చేసే పనేమీ లేక మాటలు వచ్చాయి. నెవిల్ భార్య మోకాలి ఆపరేషన్ సంగతి డెస్మండ్‌కి తెలియనే తెలియదు. డెస్మండ్‌ని కరిచిన కుక్క ఇప్పుడు అతని సంచి మోసుకుంటూ వెంట వస్తోందన్న సంగతి నెవిల్‌కి తెలియదు. మాటలైపోయాయి. ఊరికే నిలబడ్డారు. కొండ మీద ఎండ మెల్లగా ఎర్రబడుతోంది. డెస్మండ్ అలవాటుగా జేబు తడుముకుంటే వేప్ లేదు, బస్సులో సీటు మీద వదిలేసినట్టున్నాడు. తెచ్చుకోవాలని అనిపించలేదు. ఊపిరి కిందిదాకా దిగుతోంది, పైదాకా లేస్తోంది. ఇన్నాళ్ళూ సిగరెట్టు చేసిందనుకున్న పని ఇదా అని అతనికి అప్పుడు తట్టింది. తట్టగానే ఒళ్ళు జల్లుమంది.

“ఒరేయ్ నెవిల్.”

“ఊఁ.”

“నిలబడటంరా.”

“ఏంటి?”

“ఏమీ లేదు. నిలబడు.”

ఆ ఊళ్ళో స్వరం ఎంత నిండుగా వచ్చిందంటే గోడలెక్కిన జనం బీరు గ్లాసులు పట్టుకుని అలాగే ఉండిపోయారు. చప్పట్ల మధ్య బెతన్ అతని వైపు వంగి వాసన చూసింది. పశువుల దగ్గర పనిచేసే పిల్ల, ముక్కుని మోసం చేయడం కుదరదు.

“మీరు కాల్చలేదు బాబాయ్.”

డెస్మండ్ గుండె గుభేలుమంది. “చెప్పకమ్మా నీకు పుణ్యముంటుంది.”

“నాకెందుకు చెప్పడం?” అంది ఆమె, బాకాలోంచి నీళ్ళు దులుపుతూ. “మీరు చెడగొట్టుకుంటే వచ్చే కుర్చీ నాకొద్దు. బాగా వాయిస్తున్నప్పుడే లాక్కుంటాను, చూస్తూ ఉండండి.”

తర్వాతి ఊళ్ళలో పాట పెరిగింది గాని తగ్గలేదు. ప్రతి ఊళ్ళో సాగనంపడం, బస్సు వెనక నిలబడటం, వచ్చి వాయించడం. బ్యాండు ఇప్పుడు ఉత్సాహంతో ఊగిపోతోంది. మేజోళ్ళాయన కూడా, తన మేజోళ్ళ కన్నా ఇదే బలమైన తాయెత్తు అని ఒప్పేసుకున్నాడు. మొయిరా ఒక్కతే ఊరు ఊరుకీ నీరసపడిపోతోంది. స్వరం బాగా పలికిన ప్రతిసారీ ఆవిడ మొహం మాడ్చుకుంటోంది. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు.

చివరి ఊళ్ళో అర్థమైంది. వెలుతురు ఇంకా పోలేదు. ఆ ఊళ్ళో పోటీ పెద్దది, మైదానం జనంతో కిక్కిరిసింది. డెస్మండ్, నెవిల్ బస్సు వెనక తమ చోట్లలో నిలబడి ఉన్నారు. అప్పుడు మూల తిరిగి గాలివానలా వచ్చింది మొయిరా. డెస్మండ్ సిగరెట్టు పట్టుకున్న చేయి వెనక్కి దాచాడు, బడి పంతులమ్మ పట్టుకున్నట్టు.

“పారెయ్ దాన్ని” అంది. “ఏడాదిపాటు నీ ఊపిరితిత్తుల కోసం నీ వెంటపడ్డాను. ఇవాళ ఒక్క పాట కోసం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఛీ, నేనేం నర్సుని. పోతే పోనీ ఈ పోటీ. స్వరం తెగితే తెగనీ. నీ కుర్చీ నీదే డెస్, నువ్వు లేవాలనుకున్న రోజు లేద్దువుగాని. ఆ దరిద్రాన్ని మాత్రం పారెయ్.”

డెస్మండ్ వారమంతా ఆ మాట కోసమే బతికాడు. తీరా అది చెవిన పడ్డాక, చేయి మెల్లగా ముందుకి తెచ్చాడు. సిగరెట్టు తెల్లగా, పొడుగ్గా, కొన కాలకుండా ఉంది.

మొయిరా దాన్ని చూసింది. నెవిల్ చేతిలో ఉన్నదాన్ని చూసింది. నేల మీద పీక కోసం వెతికింది.

“ఎప్పట్నుంచి?”

“రెండో ఊళ్ళో చెరొకటి వెలిగించాం” అన్నాడు డెస్మండ్. “చావు తప్పి కన్ను లొట్టపోయింది. ఆ తర్వాత ఒక్కటీ వెలిగించలేదు. ఊరికే నిలబడుతున్నాం.”

“నువ్వు?” అంది నెవిల్ వైపు తిరిగి.

“చలికాలంలో మానేశాను. ప్యాచీలు.”

“నా దగ్గరికి రాకుండానా?”

“సిగ్గేసింది.”

మొయిరా తిట్టాలో నవ్వాలో తేలక బస్సు చక్రాన్ని బూటుతో ఒక్క తన్ను తన్నింది. తర్వాత వాళ్ళిద్దరి మధ్యకి వచ్చి, బస్సుకి వీపు ఆనించి, చేయి చాపింది.

“ఇటియ్యి ఒకటి.”

“నువ్వా?”

“పెళ్ళికి ముందు రోజుకో పెట్టె ఊదేసేదాన్నిలే, ఎవరికీ చెప్పకండి. ఇప్పుడేం చెయ్యాలి?”

“ఏమీ చెయ్యకూడదు” అన్నాడు నెవిల్.

ముగ్గురూ నిలబడ్డారు. మైదానంలో ముందు బ్యాండు ముగించిన చప్పుడు, దాని వెనక చప్పట్లు వినిపించాయి. బెతన్ వచ్చి, చేతిలో సిగరెట్టుతో ఉన్న మొయిరాని చూసి, వచ్చిన పని మర్చిపోయి, కాసేపటికి “మన వంతు” అంది చిన్నగా.

ఆ రాత్రికి ఊళ్ళో ఎన్ని రకాలుగా చెప్పుకున్నా, అక్కడున్నవాళ్ళు చెప్పేది ఇది. మార్చ్ ఆగింది, పాట సాగింది, పొడుగాటి స్వరం లేచింది. డెస్మండ్‌కి ఇక పోగొట్టుకునేదేమీ లేదు. కళ్ళు మూసుకుని వాయించాడు. మొయిరా చేయి గాలిలో ఉంది, కళ్ళు అతని మీద ఉన్నాయి. స్వరం సాగింది. ఇంకా సాగింది. పక్కన బెతన్ తన ఊపిరి తానే బిగబట్టింది. నెవిల్ డ్రమ్ము కర్ర ఎత్తి పట్టుకుని మొయిరా చేతి కోసం చూశాడు. ఆ చేయి దించాలన్న సంగతి ఆవిడ మర్చిపోయింది. స్వరం తెగలేదు. ఎవరో ఒకరు కొట్టాలి కదా అని, చివరికి నెవిలే కొట్టాడు.